గోదావరి మొగల దగ్గర ఏళ్ల తరబడి నీళ్లు కొలవాలి: ఎవరెవరు కలుస్తారు?

తాళ్లరేవు_మాస్టారు | ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. తాళ్లరేవు వైపు ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. చాలాకాలంగా నలుగుతున్న ఆలోచన ఇది.

పోలవరం ఇవాళ కాకపోతే రేపు పూర్తవుతుంది. నిండాక కింద మన మొగల దగ్గర, అంటే గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట్ల, ఉప్పు పెరిగిందా, ఒండ్రు తగ్గిందా, మడ అడవులు ఎండాయా అని అందరూ అడుగుతారు. అంతకుముందు ఎలా ఉండేదో తెలియకపోతే ఆ ప్రశ్నకు జవాబు ఎవరూ చెప్పలేరు. ప్రాజెక్టుల మీద వచ్చేవాళ్లు రెండు మూడేళ్లు కొలిచి వెళ్లిపోతారు. తర్వాత వచ్చేవాళ్లు ఇంకో చోట, ఇంకో పద్ధతిలో మళ్లీ మొదటి నుంచి కొలుస్తారు. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడ్డానికి కుదరదు.

ఉప్పాడ, కాకినాడ, కోరంగి, యానాం, భైరవపాలెం, అంతర్వేది. ఈ ఆరు చోట్లా ఊరివాళ్లమే కలిసి నెలకోసారి నీటి ఉప్పదనం, వేడి, తేటదనం కొలిచి, ఒడ్డు ఫోటో ఒకటి తీసి పెట్టుకుంటే ఎలా ఉంటుంది? పదేళ్లు, వీలైతే ఇరవై ఏళ్లు. లోపాలు ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి.

డెల్టా_పరిశోధకురాలు | ఆదివారం, రాత్రి 10:32

మాస్టారూ, మంచి పని. విశాఖలో తీరప్రాంత భూగర్భశాస్త్రం చదువుతున్నాను కాబట్టి మొదట మన డెల్టా సంగతి కొంచెం చెబుతాను.

గోదావరి 1465 కిలోమీటర్లు ప్రవహించి మనకు తెచ్చిపెట్టేది నీళ్లొక్కటే కాదు, కొత్త నేల కూడా. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లు 2004లో ఇచ్చిన లెక్క ప్రకారం ధవళేశ్వరం దగ్గర నీటిలో తేలుతూ వచ్చే ఒండ్రు 1970లలో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నులు ఉండేది. 1990లలో అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. పైన కట్టిన ఆనకట్టల్లోనే మిగతాది ఆగిపోతోంది. 1976 నుంచి 2001 దాకా డెల్టా అంచున కొత్తగా ఏర్పడింది తీసేసినా ఇంకా 18 చదరపు కిలోమీటర్ల పైన నేల సముద్రం పాలైందని అదే అధ్యయనం తేల్చింది.

ఈ సంగతి బయటపడింది పాత లెక్కలు ఉండబట్టే. 1970ల ఉపగ్రహ చిత్రాలు, ధవళేశ్వరం దగ్గర ఏటా రాసి పెట్టిన ఒండ్రు అంకెలు లేకపోతే ఇప్పటికీ "మా తాతల కాలంలో ఊరు ఇంకా ముందుకుండేది" అనే మాటతోనే సరిపెట్టుకునేవాళ్లం.

అయితే ఒడ్డు గీత ఎటు జరుగుతోందో చూడ్డానికి మనం శ్రమ పడక్కర్లేదు. ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు 1972 నుంచి చూస్తున్నాయి. 2015 నుంచి సెంటినెల్ పది మీటర్ల స్పష్టతతో ఉచితంగా బొమ్మలు ఇస్తోంది. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం దేశం తీరమంతా ఆ లెక్క కడుతూనే ఉంది. పైనుంచి కనపడనివి పట్టుకోవాలి మనం. ఇసుక ఎంత ఎత్తున ఉంది, నీటి అడుగున ఉప్పు ఎంత, జులై ఆగస్టుల్లో మబ్బు కమ్మినప్పుడు కింద ఏం జరుగుతోంది... ఇవి ఉపగ్రహానికి అందవు.

ఇసుక ఎత్తుకు ఖరీదైన పరికరం అక్కర్లేదు. ఎమెరీ అనే ఆయన 1961లో చెప్పిన పద్ధతి చాలు. గుర్తులు గీసిన రెండు సమానమైన కర్రలు, మధ్య కొలత తాడు. ఒడ్డువైపు కర్ర దగ్గర నిలబడి, ముందు కర్ర తలను దూరాన సముద్రం ఆకాశం కలిసే గీతకు సరిగ్గా కలిపి చూస్తే తేడా ఎంతో కర్ర మీదే కనపడుతుంది. అలా నీళ్ల దాకా నడుస్తూ పోవడమే. ఇద్దరు టెన్త్ పిల్లలు చేసేయగలరు.

మొగ_వేటగాడు | సోమవారం, ఉదయం 5:48

మాస్టారూ, మాది భైరవపాలెం దగ్గరేనండి. మా నాన్న, పెదనాన్న, నేను, అందరిదీ వేటే.

మనసులో మాట చెప్తానండి. చదువుకున్నోళ్లు వచ్చినప్పుడల్లా మా పడవే ఎక్కుతారు. డీజిలు డబ్బులిస్తారు, కాదనను. సీసాల్లో నీళ్లు పట్టుకుంటారు, ఏం చేపలు పడుతున్నాయని రాసుకుంటారు, ఎల్లిపోతారు. అందులో ఏం తేలిందో వెనక్కొచ్చి చెప్పినోళ్లు నాకు తెలిసి లేరు. మీరు కూడా అంతే అయితే ఇప్పుడే చెప్పేయండి, పడవ వేరేవాళ్లది చూసుకుందురు.

ఇంకో సంగతి. ఉప్పు కొలుస్తానంటున్నారు. ఉప్పు మాకు నాలిక మీద తెలుస్తాది. మాకు తెలియంది మొగ లోతు. ఏటా వరదొచ్చి పోయాక ఇసుక ఎక్కడ మేటేసిందో తెలీదండి. నిరుడు పడవ నడిచిన దారిలో ఈ ఏడు అడుగు తగిలేస్తది. పాటు మీద, అంటే సముద్రం వెనక్కి తీసే వేళ, వస్తే గంటలు గంటలు ఇరుక్కుని కూర్చోవాలి, అలలుంటే పడవే బోల్తా. మీ లిస్టులో అది లేదు.

పాత_ల్యాబ్ | సోమవారం, ఉదయం 11:20

నీటి పరీక్షల ల్యాబులో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. మాస్టారు గారి ఉత్సాహానికి అడ్డు పడను కానీ, వేటగాడు గారి మాట కొట్టి పారేయకండి. కొలత వాళ్లకు పనికొచ్చినప్పుడే పదేళ్లు నడుస్తుంది. లేదంటే మొదటి వానాకాలంతోనే సరి.

ఇక పద్ధతి. మాస్టారు "నెలకోసారి" అన్నారు. నెలలో ఏ రోజు, ఏ వేళకు? ఇదే ప్రాణం ఈ పనికి.

మొగ దగ్గర ఒకే చోట నిలబడి ఉదయం పోటు మీద ఒకసారి, మధ్యాహ్నం పాటు మీద ఒకసారి ఉప్పు చూడండి. ఆ రెంటి మధ్య తేడా ఒక్కోసారి రెండు నెలల మధ్య తేడా కంటే ఎక్కువ ఉంటుంది. జనవరిలో పోటు మీద, ఫిబ్రవరిలో పాటు మీద కొలిచి "ఉప్పు తగ్గింది" అని రాస్తే అది నదిలో వచ్చిన మార్పు కాదు, మీరు వెళ్లిన వేళలో వచ్చిన మార్పు. "ప్రతి నెలా మొదటి ఆదివారం ఉదయం పది గంటలు" అని పెట్టుకుంటే ఇదే జరుగుతుంది. ఇంగ్లీషు తేదీకి, పోటుకు సంబంధం లేదు.

పంచాంగం చూడండి. అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులకు పెద్ద పోటు వస్తుంది. అష్టమి నవములకు పోటు నీరసంగా ఉంటుంది. ఒక చోట అమావాస్య తర్వాతి విదియ నాడు పెద్ద పోటు ఏ వేళకు వస్తుందో, ప్రతి అమావాస్య తర్వాతి విదియకూ కాస్త అటూ ఇటుగా అదే వేళకు వస్తుంది. కాబట్టి తేదీతో కాకుండా తిథితో పని పెట్టుకోండి. బహుళ పక్షం, శుక్ల పక్షం రెండు విదియలూ పెట్టుకుంటే నెలకు రెండు కొలతలు వస్తాయి. పోటు నిలిచిన వేళ ఒకటి, పాటు నిలిచిన వేళ ఒకటి తీస్తే ఇంకా మంచిది. గోడ క్యాలెండరు చాలు దీనికి.

రెండోది, పైనీళ్లు వేరు, అడుగు నీళ్లు వేరు. ఉప్పునీరు బరువు. వరద కొంచెం తగ్గుముఖం పట్టాక పైన తాగే నీళ్లలా ఉండి, అడుగున సముద్రం నాలుకలా లోపలికి చొచ్చుకొస్తుంది. ఒడ్డున మగ్గుతో ముంచిన నీళ్లు ఆ సంగతి చెప్పవు. అడుగు నీళ్లకు పాత ఉపాయం ఒకటుంది. సీసాకు రాయి కట్టి, బిరడాకు వేరే తాడు కట్టి దింపి, అడుక్కి వెళ్లాక బిరడా లాగేయడం.

మూడోది పరికరం. రొయ్యల చెరువుల దగ్గర అందరి జేబులో ఉండే సెలైనిటీ మీటరు, అదే కంట్లో పెట్టుకుని చూసే రిఫ్రాక్టోమీటర్, మనకు సరిపోతుంది. కొలిచే ప్రతిసారీ ముందు డిస్టిల్డ్ నీళ్లు వేసి సున్నా చూపిస్తోందో లేదో చూడాలి, చూశామని రాయాలి. ఎండలో బైకు డిక్కీలో ఉన్న మీటరుతో వెంటనే కొలవకూడదు. వెయ్యి పాళ్లలో రెండు మూడు పాళ్ల లోపల ఉప్పదనాన్ని దాంతో నమ్మకంగా చెప్పలేం, "మూడు లోపు" అని రాస్తే చాలు. వరద రోజుల్లో యానాం దగ్గర ఎలాగూ అదే వస్తుంది, పాయ పొడవునా మంచినీరే నిండిపోతుంది కాబట్టి.

తేటదనానికి తెలుపు నలుపు వేసిన పళ్లెం తాడుకు కట్టి దింపి, ఎంత లోతున కనపడకుండా పోయిందో చూడాలి. సెక్కి అనే ఇటలీ ఆయన 1865లో మొదలుపెట్టింది ఇప్పటికీ వాడుతున్నారు. నీడవైపు నుంచి చూడాలి, నల్ల కళ్లద్దాలు తీసేయాలి.

కోడ్_రాజు | సోమవారం, మధ్యాహ్నం 1:05

ఇంత కష్టం దేనికండీ? సెన్సర్ పెట్టి సిమ్ వేస్తే పదిహేను నిమిషాలకోసారి డేటా ఫోన్లోకి వచ్చేస్తుంది. ఆరు చోట్లా పెట్టినా మహా అయితే కొన్ని లక్షలు. అమెరికాలో ఉన్న గోదారోళ్లం తలో చెయ్యి వేస్తాం.

పాత_ల్యాబ్ | సోమవారం, మధ్యాహ్నం 1:41

బాబూ, డబ్బులిస్తానన్నందుకు సంతోషం. మన నీళ్లలో ఏదైనా వస్తువు రెండు మూడు వారాలు వదిలి తీసి చూడు. నాచు, గుల్లలు పట్టేసి ఉంటుంది. సెన్సర్ అప్పుడు కూడా అంకె పంపుతూనే ఉంటుంది, తప్పు అంకె. ఎవరో ఒకరు వెళ్లి తుడిచి, చేతి మీటరుతో సరిచూడాల్సిందే. ఆ వెళ్లే మనిషే ముందు కావాలి. మనిషి కుదిరాక సెన్సర్ పెడదాం, నేను వద్దనను.

మొగ_వేటగాడు | సోమవారం, రాత్రి 8:15

సెన్సర్ వలకి తగులుకుంటే వల ఖరీదు ఎవరిస్తారండి? ముందే అడుగుతున్నా.

గ్రోనింగెన్_గోదావరి | సోమవారం, రాత్రి 11:50

మాది రాజోలు. ఉద్యోగం నెదర్లాండ్స్‌లో. ఇక్కడ వాడెన్ సముద్రం అని ఉంది. పాటు మీద మైళ్ల కొద్దీ బురద నేల బయటపడే తీరం. నెదర్లాండ్స్, జర్మనీ, డెన్మార్క్ మూడు దేశాలదీ. 1978 నుంచి ముగ్గురూ కలిసి చూసుకుంటున్నారు. 2009లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వచ్చింది, డెన్మార్క్ వాటా 2014లో చేరింది.

వాళ్ల దగ్గర నాకు బాగా నచ్చింది సీళ్ల లెక్క. సీల్ అంటే నీళ్లలో ఉండే జంతువు, పాటు వేళ ఇసుక దిబ్బల మీదికి ఎక్కి పడుకుంటుంది. మూడు దేశాల వాళ్లూ రోజులు కుదుర్చుకుని పాటు వేళకే విమానంలో తిరిగి లెక్కిస్తారు. ఒక దేశం ఇవాళ, ఇంకో దేశం పై వారం వెళితే అటు ఈదిన సీల్‌ను రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది కదా. 1988లోనూ 2002లోనూ వైరస్ వచ్చి సీళ్లు వేలకు వేలు చచ్చిపోయాయి. ఎంత పోయాయి, ఎన్నేళ్లకు కోలుకున్నాయి అన్నది చెప్పగలిగారంటే ఆ ఏడాదుల ముందూ వెనకా మానకుండా లెక్కించారు కాబట్టే. వైరస్ వస్తుందని తెలిసి ఎవరూ మొదలుపెట్టలేదు.

పాత_ల్యాబ్ గారి మాటలకు ఒకటి కలుపుతాను. ఎప్పుడో ఒకప్పుడు మీటరు మార్చాల్సి వస్తుంది. అప్పుడు పాతదీ కొత్తదీ కొన్నాళ్లు పక్కపక్కన పెట్టి రెండూ రాయండి. అలా చేయకపోతే మీటరు మారిన నెలలో నది మారినట్టు గ్రాఫులో మెట్టు కనిపిస్తుంది. మనిషి మారినా అంతే, కొత్తవాళ్లు రెండు మూడుసార్లు పాతవాళ్ల పక్కన నిలబడి కొలవాలి.

రెక్కల_లెక్క | మంగళవారం, ఉదయం 7:30

పక్షుల సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. మన కాకినాడ తీరం, కోరంగి బురద మేటలు అందులో ముఖ్యమైన చోట్లు. నీటిని ముక్కుతో కోసుకుంటూ పోయే ఇండియన్ స్కిమ్మర్‌ను చూడ్డానికి ఎక్కడెక్కడి వాళ్లో కాకినాడ వస్తారు.

మా అనుభవం ఒక్కటి చెబుతాను. పక్షి కనపడని రోజు "సున్నా" అని రాయించడం అన్నిటికంటే కష్టం. బాగా కనపడిన రోజే అందరికీ రాయాలనిపిస్తుంది. అలా రాసుకుంటూ పోతే పదేళ్లలో పక్షులు ఎప్పుడూ నిండుగానే ఉన్నట్టు కనపడుతుంది.

ఇంకో మాట కూడా అనేస్తాను. మీరెంత ఉప్పు కొలిచినా, రొయ్యల చెరువుల మురుగు ఏ కాలువలోకి వదులుతున్నారో కొలవకపోతే దండగ. రొయ్యలు పట్టుబడి చేసిన రోజు చెరువు అడుగు నీళ్లన్నీ ఎటు పోతున్నాయో అందరికీ తెలుసు.

చెరువు_గట్టు | మంగళవారం, ఉదయం 9:02

ఇదిగో, ఇందుకే మాలాంటోళ్లు ఇలాంటి వాటిలోకి రాం. ఐ.పోలవరం మండలంలో ఆరెకరాల చెరువు చేస్తున్నాను. ఎక్కడ ఏది జరిగినా మొదట రొయ్యల రైతు. పట్టణాల మురుగు రాదా? ఫ్యాక్టరీలు లేవా? పొలాల మందులు రావా? పైనుంచి ఏ చెడ్డ నీరొచ్చినా మొదట చచ్చేది నా రొయ్యే. నీళ్లు బాగుండాలని నాకంటే ఎక్కువ ఎవరికుంటుంది?

మీ కొలతలు రేపు నోటీసు రూపంలో నా గట్టు మీదికి రావని ఎవరు హామీ?

రెక్కల_లెక్క | మంగళవారం, ఉదయం 9:40

మీ ఒక్కరి గురించి అనలేదండీ. కానీ వదులుతున్న మాట అబద్ధమా?

చెరువు_గట్టు | మంగళవారం, ఉదయం 10:15

అబద్ధమనలేదు. వదిలేవాళ్లున్నారు. కొలిస్తే అందర్నీ కొలవండి, ఒక్క మా కాలువ దగ్గరే మీటరు పెట్టొద్దు అంటున్నా.

కోపం పక్కన పెట్టి ఒక పనికొచ్చే మాట చెప్తా వినండి. మీరంతా కొత్తగా మొదలుపెడదామంటున్నారు. పోటు మీద నీళ్లు ఎక్కించే ముందు కాలువలో ఉప్పెంతుందో చూడకుండా మోటారు వేసే రైతు ఉండడు. అది పుస్తకంలో రాస్తాం. నా దగ్గర టైగర్ రొయ్య వేసిన రోజుల నాటి పుస్తకాలున్నాయి, వెన్నామీ రొయ్యకి మారినప్పటివీ ఉన్నాయి. తేదీ, వేళ, ఉప్పు. మా ఊళ్లో నాలాంటోళ్లు ఇంకా ఉన్నారు. కొందరు చెదలు పట్టించేశారు, కొందరు దాచారు.

పాత_ల్యాబ్ | మంగళవారం, ఉదయం 10:22

చెరువు_గట్టు గారూ, ఒక్క పుస్తకం కూడా అవతల పారేయకండి. ఈ చర్చ మొత్తంలో ఇంతకంటే విలువైన మాట రాలేదు. పోటు మీదే కొలిచారు కాబట్టి నేను మొత్తుకున్న వేళ సమస్య సగం తీరిపోయింది. ఏ కాలువ, ఏ మీటరు అన్నది గుర్తున్నంత వరకు పక్కన రాసి పెట్టండి. వాటిలో అమ్మోనియా రంగు కిట్లతో చూసిన అంకెలు ఉంటే వాటిని మాత్రం అంతగా నమ్మను, ఉప్పు చాలు.

డెల్టా_పరిశోధకురాలు | మంగళవారం, ఉదయం 11:00

నిజమే. ఆ పుస్తకాల పక్కన ధవళేశ్వరం నుంచి రోజూ ఎన్ని క్యూసెక్కులు వదిలారన్నది పెడితే, ఎంత నీరు వదిలితే ఉప్పు ఎంత వెనక్కి తగ్గుతుందో తెలిసిపోతుంది. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద ఒకవైపు, చుక్క కిందికి రాని వేసవి ఇంకోవైపు. పోలవరం తర్వాతి మార్పును పోల్చడానికి కావలసింది ఇదే. పేజీలు ఫోటో తీసి పంపితే అంకెలు ఎక్కించే పని నాది.

మడ_బిడ్డ | మంగళవారం, సాయంత్రం 6:25

మా అమ్మ మడ కాలువల్లో మండపీతలు పడుతుంది. ఇంట్లో అందరికీ అదే తిండి పెట్టింది. నేను నర్సింగ్ చదువుతున్నాను. అమ్మకి ఈ చర్చంతా చదివి వినిపించా. "పీతలు తగ్గాయా అని అడిగేవాళ్లే కానీ, ఎంతసేపు వెతికావని అడిగినోళ్లు లేరు" అంది.

ఆ మాట ఇక్కడ పెట్టాలనిపించింది. నాలుగు కేజీలు దొరికిన రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా బురదలో తిరిగితే అది తక్కువ. రెండు గంటల్లో రెండు కేజీలు దొరికితే అది ఎక్కువ. పులస లెక్క కూడా అంతే కదా. మార్కెట్లో ఎన్ని అమ్ముడయ్యాయో చూస్తే ఏం తెలుస్తుంది, ఎన్ని పడవలు ఎన్ని పూటలు వల వేస్తే ఆ కాసిని దొరికాయో తెలియాలి.

అమ్మ, తన జట్టులో ఆడవాళ్లు రాయడానికి ఒప్పుకుంటారు. రాయడం రానివాళ్లు వాట్సాప్‌లో గొంతు పెడతారు, నేను ఎక్కిస్తాను. గంటలు, కేజీలు, ఏ కాలువ. కాలువ పేరు మాత్రం బయట పెట్టొద్దు అంటోంది, మర్నాటికల్లా అక్కడ పది మంది ఉంటారట.

తాళ్లరేవు_మాస్టారు | మంగళవారం, రాత్రి 9:30

అమ్మా, మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. కాలువ పేరు బదులు ఒక అంకె పెడదాం, ఏ అంకె ఏ కాలువో మీ జట్టుకి తప్ప ఎవరికీ తెలియనక్కర్లేదు. తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లకూ ఇదే నియమం పెట్టాలి, కాకినాడ ఎదుట ఉన్న హోప్ ఐలాండ్ పేరు ఎవరికైనా తెలుసు కానీ ఏ మేట మీద అన్నది చెప్పక్కర్లేదు.

చిలికా_చుట్టం | బుధవారం, ఉదయం 8:10

ఇచ్ఛాపురం మాది, అత్తగారిది బరంపురం, కాబట్టి చిలికా మాకు పక్కూరే. వేటగాడు గారూ, కొలతల వల్ల మొగ బాగుపడ్డ చోటు ఒకటుంది, అది చెబుదామని.

చిలికా సరస్సు పాత మొగ పూడిపోయి, సముద్రానికి పోయే దారి చుట్టు తిరుగుడై, ఉప్పు తగ్గిపోయింది. గుర్రపుడెక్క, నాచు కమ్మేశాయి. చేపలు పడిపోయాయి. 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. నీటి పోకడ, ఉప్పు, ఇసుక కదలిక లెక్కలన్నీ చూసుకుని 2000 సెప్టెంబరులో సిపాకుడా దగ్గర కొత్త మొగ తవ్వారు. ఉప్పు తిరిగొచ్చింది, చేపలు రొయ్యలు పీతలు పెరిగాయి. 2002లో ఆ జాబితా నుంచి బయటపడింది. ఆ తర్వాత కూడా కొలవడం మానలేదు, మొగలు కదులుతూనే ఉంటాయి మరి.

అయితే అక్కడ ఈ పని కోసమే ఒక ప్రాధికార సంస్థ ఉంది, జీతాలున్నాయి, పడవలున్నాయి. ఊరివాళ్లం ఆదివారాలు చేసే పనికీ దానికీ తేడా ఉంది. ఆశ పెట్టి చేయి వదిలేయకూడదని ఇది కూడా చెప్తున్నా.

వన_సమితి | బుధవారం, ఉదయం 10:45

మాది కోరంగి వైపు వన సంరక్షణ సమితి. మడలు చచ్చి బోసిపోయిన చోట్ల చేప ముల్లులా పెద్ద కాలువ, దానికి పక్క కాలువలు తవ్వి పోటు నీళ్లు లోపలికి తెచ్చి, తెల్ల మడ మొక్కలు నాటిన పని మావాళ్లు చేశారు. ఎం.ఎస్. స్వామినాథన్ ఫౌండేషన్, అటవీశాఖ కలిసి చేయించినవి అవి. నీళ్లు కదలక ఎండకి ఆవిరై నేలలో ఉప్పు పేరుకుపోవడమే అక్కడ చెట్లు చావడానికి కారణం. ఆ కాలువలు మళ్లీ పూడుతున్నాయి, వేసవిలో ఒకసారి ఆ మట్టి ఉప్పు చూస్తే ముందే తెలుస్తుంది.

ఒక హెచ్చరిక. అభయారణ్యం లోపల అడుగు పెట్టాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. మొదటి చోట్లు హద్దు బయటే పెట్టుకోండి. అనుమతి కాగితం కోసం కూర్చుంటే మీ విదియలు చాలా వెళ్లిపోతాయి.

కోడ్_రాజు | బుధవారం, మధ్యాహ్నం 12:30

సెన్సర్ వెనక్కి తీసుకున్నా. డేటా సంగతి నేను చూస్తానా? ఒక్కరి ఫోన్లో ఉన్న షీటు ఆ ఫోన్‌తోనే పోతుంది. పుస్తకంలో పెన్నుతో రాయండి, ఆ పేజీ ఫోటో తీసి పంపండి, దాన్ని చూసి షీటులోకి ఎక్కిస్తాం. రాసిన అంకెని ఎవరూ చెరపకూడదు, అనుమానం ఉంటే పక్క గడిలో ఎందుకో రాయాలి. నకలు మూడు చోట్ల ఉంటుంది. ఇచ్చినవాళ్లు ఎప్పుడడిగినా వాళ్ల అంకెలు వాళ్లకి తెలుగులో వెళ్లాలి.

ఉప్పాడలో ఫోటో కోసం ఫోన్ పెట్టడానికి ఇనుప స్టాండు ఒకటి చేయిద్దాం. సిడ్నీలో 2017లో మొదలుపెట్టిన పద్ధతి. దారిన పోయే ఎవరైనా ఆ గూట్లో ఫోన్ పెట్టి తీస్తే, ఎవరు తీసినా ఒకే కోణం వస్తుంది.

డెల్టా_పరిశోధకురాలు | బుధవారం, మధ్యాహ్నం 2:10

ఉప్పాడలో స్టాండు కంటే ముందు అది నిలబడే నేల ఉంటుందా అని చూడాలి. అక్కడ అడ్డంగా వేసిన జియోట్యూబ్ గోడే, అదే ఇసుక నింపిన పెద్ద గొట్టం సంచుల గోడ, చెదిరిపోయింది, బీచి రోడ్డు ఎన్నిసార్లు కోసుకుపోయిందో అందరికీ తెలుసు. తీరం వెంబడి ఇసుక మొత్తం మీద ఉత్తరంగా నడుస్తుంది. హోప్ ఐలాండ్ ఆ ఇసుకతోనే పెరుగుతూ కాకినాడకు అలల నుంచి అడ్డుగా నిలిచింది. దాన్ని దాటి ఉప్పాడకు చేరేది ఎంత అన్నదే ప్రశ్న. స్టాండు రోడ్డుకు లోపలివైపు గట్టి కట్టడం మీద పెట్టండి.

తాళ్లరేవు_మాస్టారు | బుధవారం, రాత్రి 9:45

సరే. ఆరు చోట్లు ఎక్కువని నాకే అర్థమైంది. మూడుతో మొదలుపెడదాం: ఉప్పాడలో ఇసుక ఎత్తు, ఫోటో, యానాం దగ్గర పైనీరు, అడుగు నీరు, తేటదనం, భైరవపాలెం దగ్గర మొగ లోతు, ఉప్పు. చెరువు పుస్తకాలు, పీతల లెక్క పక్కన నడుస్తాయి. పక్షుల వాళ్లు జనవరి లెక్క ఎలాగూ చేస్తారు. కాలువ మురుగు సంగతి ఆరు నెలల తర్వాత అందరం కూర్చున్నప్పుడు ఎత్తుదాం, ఊళ్ల మురుగుతో సహా. వేటగాడు గారూ, లోతు ఎలా కొలుద్దాం?

మొగ_వేటగాడు | గురువారం, ఉదయం 4:55

తాడుకి సీసం గుండు కట్టి దింపడమేనండి, బారల్లో చెప్తాం మేం. నా బార వేరు, మా బావ బార వేరు కాబట్టి మీ లెక్కకి కుదరదనుకుంటా. అర మీటరుకో ముడి వేసి తెండి. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, పడవలు ఖాళీ. అప్పుడు దారంతా ఒకసారి వేద్దాం. తర్వాత వరద పోయాక దసరా దీపావళి మధ్య ఇంకోసారి. అది రాసింది మాత్రం మా రేవులో అందరికీ కనపడేలా బోర్డు మీద వెయ్యాలండి.

పాత_ల్యాబ్ | గురువారం, ఉదయం 9:15

లోతు కొలిచేటప్పుడు పోటు ఎంతుందో తెలియకపోతే ఆ అంకెకు అర్థం లేదు. పోటుకీ పాటుకీ మధ్య నీళ్లు మీటరు పైన లేస్తాయి కదా. రేవు దగ్గర కదలని స్తంభం మీద స్కేలు గీయాలి. గుండు వేసిన ప్రతిసారీ స్కేలు మీద నీళ్లు ఎక్కడున్నాయో ఇంకొకరు చూసి రాయాలి.

డెల్టా_పరిశోధకురాలు | గురువారం, ఉదయం 9:50

ఆ స్కేలు సున్నాని దగ్గర్లో సర్వే గుర్తు ఏదైనా ఉంటే దానికి కలుపుదాం. విశాఖ ఓడరేవులో 1937 నుంచి సముద్రమట్టం లెక్క ఉంది, అప్పుడు దానితో మనదీ పోల్చుకోవచ్చు. మన స్కేలు రేపు కొట్టుకుపోయినా మళ్లీ అదే ఎత్తున గీయగలగాలి. లెవెల్ పరికరం నేను తెస్తాను. స్తంభం ఏదో చెప్పండి.

మొగ_వేటగాడు | గురువారం, మధ్యాహ్నం 12:40

పాత జెట్టీ దక్షిణం వైపు రెండో స్తంభం. పడవలు తగలని మూల అదొక్కటే. పెయింటు ఉప్పుకి ఆగేది తెండి. ఊరి పెద్దలతో నేను మాట్లాడి ఉంచుతా, మీరు రాత్రే వచ్చేయండి, పొద్దున్న పాటు మీదే గీయాలి.